తప్పు మైకు ముందు వాయించిన సోలో

ఈ నెల ఉత్తరాలన్నీ పాత జాజ్ రికార్డుల మీదే. 'ఏది గొప్ప రికార్డు' అన్న వాదనలు పక్కన పెట్టి, జవాబు చెప్పగలిగిన ప్రశ్నలే తీసుకున్నాను.

ప్ర: మా మామయ్య దగ్గర ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' పాత ఎల్పీ ఉంది. అది వేసి, మొదటి పాట 'సో వాట్' కీబోర్డు మీద వాయించబోతే శ్రుతి కలవడం లేదు. అదే పాట ఫోన్‌లో పెడితే చక్కగా కలుస్తోంది. ప్లేయర్ స్పీడు చూపించాం, బాగానే ఉందన్నారు. లోపం నా చెవిదా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జ: మీ చెవికేమీ కాలేదమ్మా. తేడా టేపులోనే ఉంది. ఆ రికార్డు 1959లో రెండు రోజుల్లో చేశారు, మార్చి 2న, ఏప్రిల్ 22న. న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పటి చర్చిని కొలంబియా కంపెనీ స్టూడియోగా వాడుకునేది, అక్కడ. మార్చి 2న అసలు టేపు మెషిన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. అలాంటి టేపును మామూలు వేగంతో వేస్తే పాట కాస్త పరుగెత్తుతుంది, శ్రుతి కాస్త పైకి లేస్తుంది. ఆ రోజు వాయించిన మూడు పాటలూ ఎల్పీ మొదటి వైపే ఉన్నాయి. అదృష్టం కొద్దీ పక్కన ఇంకో మెషిన్ కూడా నడిచింది, దాని వేగం సరిగ్గా ఉంది. 1992లో ఆ టేపు తీసి సరిచేశారు. అంటే ముప్ఫై ఏళ్లకు పైగా ప్రపంచమంతా హెచ్చు శ్రుతిలోనే విని మురిసిపోయింది.

ఒక పని చేయండి. రెండో వైపు 'ఆల్ బ్లూస్' వేసి కీబోర్డు పట్టండి. అది కలిసి, మొదటి వైపు కలవకపోతే మామయ్యగారి డిస్కు పాత టేపు నుంచి వచ్చిందే.

ఎలాగూ కీబోర్డు ముందున్నారు కనుక ఇంకొక మాట. 'సో వాట్' డి నుంచి డి దాకా తెల్ల మెట్ల మీదే నడుస్తుంది. మన లెక్కలో ఖరహరప్రియ స్వరస్థానాలు. పదహారు బార్లు (నాలుగేసి దెబ్బల తాళం ముక్కలు) అయ్యాక మొత్తం అర మెట్టు పైకి జరుగుతుంది, ఎనిమిది బార్ల తర్వాత మళ్లీ దిగుతుంది. ఆధార షడ్జమమే కదిలిపోతుంది కాబట్టి రాగంలా వినబోతే తికమక. అసలు పల్లవి వాయించేది ట్రంపెట్ కాదు, పాల్ చేంబర్స్ బేస్ (మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం). మిగతావాళ్లు దానికి రెండే ముక్కల్లో వంత పాడతారు. మొదటిసారి ఆ బేస్‌నే పట్టుకుని వినండి.

ప్ర: మా జాజ్ మిత్రుల్లో పెద్ద గొడవ. బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ న్యూపోర్ట్ రికార్డు కచేరీదే కాదు, స్టూడియోలో చేసి చప్పట్లు కలిపిందని ఒకడు. నోరు మూసుకోమని ఇంకొకడు. తీర్పు మీదే. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే గొడవ తెగడం లేదు.

1956 జులై 7, శనివారం. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో జాజ్ ఉత్సవం. అర్ధరాత్రి వేళ ఎలింగ్టన్ తన 1937 నాటి రచన తీశాడు. 'డిమిన్యుఎండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ'. దాని రెండు భాగాల మధ్య చోటు టెనర్ శాక్సోఫోన్ వాయించే పాల్ గొన్సాల్వెస్‌కి వదిలేశాడు. (పేరు చూసి గోవా వాడనుకోకండి, ఆయనది కేప్ వర్డ్ దీవుల నుంచి అమెరికా వెళ్లిన కుటుంబం.) పన్నెండేసి బార్ల బ్లూస్ ఆవృత్తాలు ఒకటి, రెండు కాదు, 27 వాయించాడు. నల్ల గౌను వేసుకున్న ఒకామె లేచి నాట్యం మొదలుపెట్టింది. వేదిక పక్కన డ్రమ్మర్ జో జోన్స్ చుట్టిన న్యూస్‌పేపర్‌తో తాళం కొడుతున్నాడు. జనం కుర్చీల మీదికి ఎక్కారు. పాతబడిపోయాడనుకున్న ఎలింగ్టన్ ఆగస్టుకల్లా టైమ్ పత్రిక ముఖచిత్రం అయ్యాడు.

ఇక మోసం సంగతి. ఆ పండగ కోసం కొత్తగా రాసిన సూట్ (కొన్ని భాగాలు వరుసగా కూర్చిన రచన) సరిగ్గా రాలేదని జులై 9న న్యూయార్క్ స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు అతికించారు. ఎల్పీలో అలాంటి ముక్కలు చాలానే ఉన్నాయి. గొన్సాల్వెస్ సోలో మాత్రం అక్షరాలా ఆ రాత్రిదే. కాకపోతే ఆయన వాయించింది తప్పు మైకు ముందు! వేదిక మీద కొలంబియా మైకుతో పాటు వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్ల మైకు కూడా ఉంది. ఆయన దాని ముందు నిలబడ్డాడు. అందుకే పాత ఎల్పీలో శాక్సోఫోన్ పక్కింట్లోంచి వస్తున్నట్టుంటుంది, జనం అరుపులేమో చెవి దగ్గరే.

ఆ రేడియో టేపు తర్వాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. రెండు మోనో టేపుల్నీ పక్కపక్కన సరిపెట్టి 1999లో స్టీరియోగా రెండు సీడీలు వేశారు. అందులో గొన్సాల్వెస్ ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. నాకు అదే ఇష్టం. షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా జాజ్ కార్యక్రమం నడిపిన విల్లిస్ కానోవర్ గొంతు వింటూ జాజ్ నేర్చుకున్న మా తరం వాళ్లకి, ఆ రేడియో మైకు మీద కాస్త పక్షపాతం ఉంటే తప్పు పట్టకండి.

కాబట్టి మీ వాళ్లు 1999 సీడీలు వినాలి, ఆ తర్వాత కొట్టుకోవాలి.

ప్ర: 'టేక్ ఫైవ్' మన ఖండచాపేనా? – మృదంగం విద్యార్థి, తెనాలి

జ: రెండింటిలోనూ లెక్క ఐదే, కానీ విరుపు వేరు. మనది రెండు, మూడు. 'టేక్ ఫైవ్'లో డేవ్ బ్రూబెక్ పియానోది మూడు, రెండు. పాట రాసింది మాత్రం శాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. దాని రాయల్టీలు అమెరికన్ రెడ్ క్రాస్‌కి చెందేలా వీలునామా రాశాడు. 'టేక్ ఫైవ్' వచ్చిన 1959 నాటి ఎల్పీలోనే ఉన్న 'బ్లూ రాండో ఆ లా టర్క్' మీకు ఇంకా పనికొస్తుంది. తొమ్మిదిని 2, 2, 2, 3గా విరుస్తుంది. ఇస్తాంబుల్ వీధి వాద్యకారుల దగ్గర విన్న నడక అది. మధ్యలో హఠాత్తుగా నాలుగులోకి జారినప్పుడు చెయ్యి తడబడకుండా తాళం వేయగలిగితే మీ గురువుగారికి చెప్పండి.

ప్ర: ఒరిజినల్ ప్రెస్సింగ్‌కి (మొదటిసారి అచ్చు వేసిన డిస్కుకి) వేలకు వేలు పెట్టొచ్చా? – గుంటూరు

జ: వద్దు. ఆ డబ్బుతో మంచి సూది, మంచి స్పీకర్లు కొనుక్కోండి.

ప్ర: శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'లో మొదటి మూడు భాగాలూ నచ్చాయి. నాలుగోది 'సామ్' అర్థం కాలేదు. లయ లేదు, ఎటు పోతోందో తెలియదు. – ఒక పాఠకురాలు, డాలస్

జ: మీ ఎల్పీ కవరు తెరవండి. లోపల కోల్‌ట్రేన్ రాసిన ప్రార్థన అచ్చయి ఉంటుంది. 'సామ్' అంటే ఆ ప్రార్థనే. 1964 డిసెంబర్ 9న న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఆయన దాన్ని శాక్సోఫోన్‌తో చదివాడు, మాటకు మాట, అక్షరానికి అక్షరం. తాళం లేనిది అందుకే, మాట విరుపే లయ. కాగితం మీద వేలు పెట్టుకుని వెంట చదవండి. ఒకటి రెండు చోట్ల దారి తప్పుతారు. 'థాంక్ యూ గాడ్' దగ్గర మళ్లీ కలుసుకుంటారు, ఆ మాటలు పదే పదే వస్తాయి. వెనక ఎల్విన్ జోన్స్ మంద్రంగా డ్రమ్స్ మోగిస్తుంటాడు కదా, ఆయన మీదికి మాత్రం రెండోసారి వినేటప్పుడే వెళ్లండి.