లావు తీగల సందేహాలు

ఈ నెల బేస్ గిటార్ ఉత్తరాల్లో సగం కొత్త యాంప్ (యాంప్లిఫయర్) కొనాలా అని అడిగినవే. అందులో చాలావాటికి కొనుగోలు అక్కర్లేదు. మీటరు, మంచి వైరు, కాసేపు ఓపిక ఉంటే చాలు.

ప్రశ్న: మా చర్చిలో నేను బేస్ వాయిస్తూ కోరస్ పాడతానండి. మైకు పెదవికి తగిలితే చాలు, చురుక్కుమని షాక్ కొడుతోంది. స్పాంజి తొడిగితే ఆగింది గానీ, వాన పడ్డ రోజు మళ్ళీ కొట్టింది. యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని మైక్‌సెట్ ఆయన అంటున్నారు. తీసెయ్యమంటారా?
- ఓ పాఠకుడు, రావులపాలెం

జవాబు: తియ్యొద్దండి. తీస్తే చురుకు పోయినట్టే ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడైనా యాంప్ లోపల ఫేజు వైరు ఊడి బాడీకి తగిలిందంటే, ఆ కరెంటుకి మిగిలే దారి మీరే.

ముందు ఎందుకు కొడుతోందో చూడండి. బేస్ తీగలు బ్రిడ్జికి (తీగలు కింది కొసన ఆనే లోహపు పట్టీ), బ్రిడ్జి కింద ఉండే సన్న వైరు జాక్‌కి, అక్కణ్ణించి కార్డు (బేస్ నుంచి యాంప్‌కి పోయే వైరు) షీల్డు, అంటే లోపలి తీగని చుట్టిన లోహపు పొర మీదుగా యాంప్ బాడీకి కలిసి ఉంటాయి. మైకు జాలీ కూడా కానన్ (మైకుకి వాడే మూడు పిన్నుల) వైరు ఒకటో పిన్ను మీదుగా మిక్సర్ బాడీకి కలిసే ఉంటుంది. యాంప్ స్టేజీ మీది బోర్డులోనూ, మిక్సర్ హాలు చివర ఇంకో బోర్డులోనూ పెట్టారనుకోండి. ఆ రెండు బోర్డుల్లో ఒకదానికి ఎర్త్ లేకపోతే వాటి తేడా అంతా మీ చేతికీ పెదవికీ మధ్య పడుతుంది. స్పాంజి పొడిగా ఉన్నంతసేపే అడ్డు. తడిసిందంటే అదీ తడిగుడ్డే.

మల్టీమీటర్ని ఏసీ 750 వోల్టుల రేంజిలో పెట్టి, ఒక మొన బేస్ తీగ మీద, రెండోది మైకు జాలీ మీద ఆనించండి. ఆ సమయంలో మీ చెయ్యి దేనికీ తగలకూడదు. ఒకటి రెండు వోల్టులుంటే భయం లేదు. 30 దాటితే కారణం దొరికేదాకా ఆ మైకు ముట్టుకోవద్దు. 100, 115 దగ్గర చూపిస్తూ చురుకు మాత్రమే తగులుతుంటే, చాలామటుకు ఎర్త్ లేని టూపిన్ ఎడాప్టర్ లీకేజీ. దానిలోపల విద్యుత్ రొద తగ్గించడానికి పెట్టిన చిన్న కెపాసిటర్లే మెయిన్ వోల్టేజీలో సుమారు సగాన్ని బయటికి వదులుతాయి. కీబోర్డు, ల్యాప్‌టాప్, చిన్న మిక్సర్ ఎడాప్టర్లను ఒక్కొక్కటే తీస్తూ చూస్తే ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో అదే దొంగ. మీటరు 230 దగ్గర నిలబడితే మాత్రం అది లీకేజీ కాదు, ఫాల్టు. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తర్వాత ప్రతి సాకెట్లోనూ మూడు కొలతలు తియ్యాలి. ఫేజు నుంచి న్యూట్రల్‌కి 230 దగ్గర, ఫేజు నుంచి ఎర్త్‌కి కూడా దాదాపు అంతే, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఫేజు, ఎర్త్‌ల మధ్య 60 అనో 90 అనో ఊగుతుంటే ఆ కన్నానికి ఎర్త్ రాలేదని అర్థం. ఎక్కువసార్లు దొరికిపోయేది ఎక్స్‌టెన్షన్ బాక్సే: పైకి మూడు కన్నాలు, లోపల రెండు కోర్ల వైరు! ఇలాంటివి అమ్మేవాళ్ళని ఏమనాలో గానీ, కొనేముందు ఒకసారి మూత విప్పి చూడండి.

చివరిగా యాంప్, కీబోర్డు, మిక్సర్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. మిక్సర్ దూరంగా ఉంటే దానికి కూడా 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల వైరు స్టేజీ బోర్డు నుంచే లాగండి. లైట్లు, ఏసీలు వేరే లైను మీద ఉండాలి. ఆ బోర్డుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తనే ఆపేసే స్విచ్చి) పెట్టించండి.

ఇంతా చేశాక ‘మ్మ్’ అనే 50 హెర్ట్జ్ హమ్ మిగిలితే అది యాంప్ నుంచి మిక్సర్‌కి పోయే సిగ్నల్ వైరులోది. డీఐ బాక్సు (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పోయే కానన్ వైరుకి సరిపోయేలా మార్చే డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉన్నది అందుకే. అది సిగ్నల్ షీల్డునే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. ఒక్క మెలిక ఉంది: యాంప్ లేకుండా బేస్ నేరుగా డీఐలోకి వెళ్తుంటే లిఫ్ట్ వెయ్యొద్దు. వేస్తే తీగలకి ఎర్తే ఉండదు, చెయ్యి తీసిన ప్రతిసారీ జుయ్యిమంటుంది.

ప్రశ్న: కనుమ తీర్థానికి కొబ్బరితోటలో స్టేజీ వేస్తాం. రెండు పక్కలా చెరో బేస్ బాక్సు, మధ్య దూరం 24 అడుగులు. ఎదురుగా నిలబడితే గుండె అదురుతుంది. పక్కకి నడిస్తే బేస్ గిటార్ మాయం. ఇంకో రెండు బాక్సులు అద్దెకి తెప్పించమంటారా?
- ఆర్కెస్ట్రా సభ్యుడు, అంబాజీపేట వైపు నుంచి

జవాబు: నాలుగు తెచ్చి రెండేసి పెట్టినా మాయమయ్యే చోటు మాయమవుతూనే ఉంటుంది. ‘ఎ’ తీగ వట్టిగా మీటితే 55 హెర్ట్జ్. ఆ అల పొడవు సుమారు 6.3 మీటర్లు, అంటే దాదాపు 20 అడుగులు. ఒక బాక్సు శబ్దం రెండోదానికన్నా అందులో సగం, 10 అడుగులు, ఎక్కువ దూరం నడిచి వచ్చిన చోట రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీ కొలతల ప్రకారం స్టేజీకి 50 అడుగుల ఎదురుగా నిలబడి మధ్యగీత నుంచి 24 అడుగులు పక్కకి జరిగితే సరిగ్గా ఆ చోటే. లావు ‘ఇ’ తీగ 41 హెర్ట్జ్ కాబట్టి దానికి ఇంకాస్త అవతల. అందుకే నడుస్తుంటే ఒక్కో స్వరం ఒక్కోచోట తప్పిపోతున్నట్టు ఉంటుంది.

రెండు బాక్సుల్నీ తెచ్చి స్టేజీ ముందు నేల మీద, మధ్యలో, ఒకదానికొకటి ఆనించి పెట్టండి. చెక్కల మీద వద్దు, పలకలు గలగలమంటాయి. అప్పుడు రెండూ ఒకే బాక్సులా పనిచేస్తాయి. ఒక్కదానితో పోలిస్తే 6 డెసిబెల్స్ దాకా ఎక్కువ వస్తుంది, అదీ పక్కల కూర్చున్నవాళ్ళక్కూడా. ‘అందం పోతుంది, రెండు పక్కలా ఉంటేనే స్టేజీకి నిండుదనం’ అని కమిటీవాళ్ళు అనొచ్చు. పైస్వరాలు పలికే టాప్ బాక్సులు రెండు పక్కలా ఎలాగూ ఉంటాయిగా.

ఆనించాక ఒకటి ఆపి ఒకటి పెట్టి వినండి. రెండూ కలిపినప్పుడు బలం పెరగాల్సిందిపోయి తగ్గితే ఒకదాని స్పీకరు వైరు ప్లస్, మైనస్ తిరగబడి ఉన్నాయి.

క్రాసోవర్ (బేస్ బాక్సుకీ టాప్‌కీ స్వరాలు పంచే మీట) 90 హెర్ట్జ్ దగ్గర పెట్టి, 35 కింద అంతా హైపాస్ ఫిల్టర్‌తో కోసెయ్యండి. అద్దె బాక్సులు చాలావరకు అంతకన్నా కిందికి దిగవు, కోను ఊగి కాలిపోవడం తప్ప. అయిదు తీగల బేస్‌లో ‘బి’ 31 హెర్ట్జే గానీ, మీరు వినేది ఎక్కువగా దాని రెట్టింపు 62. కాబట్టి పోయేదేమీ లేదు. ఇక ఆరుబయట గోడలుండవు గనుక హాల్లో వాడిన నాబ్ గుర్తులు ఇక్కడ పనికిరావు. వినపడలేదని ‘లో’ నాబ్ తిప్పుకుంటూ పోవద్దు. 250 దగ్గర మూడు డెసిబెల్స్ తగ్గించి 800 దగ్గర మూడు పెంచితే వేళ్ళ మీటు విడివిడిగా తెలుస్తుంది.

ప్రశ్న: హెడ్ (స్పీకరు లేని యాంప్) నుంచి స్పీకరు క్యాబినెట్‌కి గిటార్ కార్డు వాడొచ్చా? జాక్ సైజు ఒకటే కదా. పైగా మా హెడ్ మీద 4 ఓమ్ అని ఉంది, 8 ఓమ్ క్యాబినెట్లు మూడు ఉన్నాయి.
- భీమవరం

జవాబు: వాడకూడదు. గిటార్ కార్డు లోపలి తీగ వెంట్రుకంత, స్పీకరు కరెంటుకి వేడెక్కి షార్ట్ అయితే యాంప్ పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల వైరుకి పీ38 (గిటార్ సైజు) జాక్ గాని, స్పీకాన్ అనే స్పీకరు కనెక్టర్ గాని వేయించుకోండి. 8 ఓమ్‌లు రెండు కలిపితే 4, అక్కడితో ఆపండి. మూడోది కలిపితే 2.67కి పడిపోతుంది.

ప్రశ్న: పెళ్ళి స్టేజీ నుంచి మిక్సర్‌దాకా 60 అడుగులు పీ38 కార్డు లాగుతున్నాం. బేస్ మూగగా ఉంటోంది, మధ్యలో రేడియో కూడా పలుకుతోంది.
- తణుకు

జవాబు: అంత పొడుగు కార్డు ఒక కెపాసిటర్ లెక్క, పాసివ్ (లోపల బ్యాటరీ లేని) బేస్ పైస్థాయిని అదే మింగేస్తోంది. బేస్ నుంచి డీఐ దాకా 15, 20 అడుగులకి మించొద్దు. డీఐ నుంచి మిక్సర్‌కి కానన్ వైరు 150 అడుగులైనా పరవాలేదు. పాసివ్ బేస్‌కి యాక్టివ్ (కరెంటుతో పనిచేసే) డీఐ కొనండి, మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ (కానన్ వైరులోనే వచ్చే కరెంటు) ఇవ్వండి. బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటే చవకైన పాసివ్ డీఐ చాలు. అన్నట్టు యాక్టివ్ బేస్‌లో కార్డు గుచ్చి ఉంచితే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, విరామంలో పీకెయ్యండి.

ప్రశ్న: ఇంట్లో 10 అడుగుల వెడల్పు, 12 పొడవు, 10 ఎత్తు గదిలో రికార్డింగు మొదలెట్టాను. ‘ఎ’ స్వరం వస్తే గది గుమ్మంటుంది, కొన్ని స్వరాలు వినపడవు. గుడ్ల ట్రేలు అంటించాను, మార్పు లేదు. కొబ్బరి పీచు చాపలు మా దగ్గర చవక, అవి వేస్తే?
- అమలాపురం

జవాబు: మీ గది కొలతల్లోనే జవాబుంది. 10 అడుగుల గోడల మధ్య శబ్దం నిలబడిపోయే స్వరం 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, ‘ఎ’ 55. పైగా వెడల్పూ ఎత్తూ రెండూ పదే కావడంతో ఆ గుమ్ము రెట్టింపు. 12 అడుగుల వైపు 47 హెర్ట్జ్, ఎఫ్ షార్ప్ దగ్గర. గది సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఇవే స్వరాలు చచ్చిపోయి వినిపిస్తాయి.

గది తప్పో బేస్ తప్పో ముందు తేల్చుకోండి. వట్టి ‘ఇ’ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒకే తీగ మీద, ఒకే బలంతో, ఒక్కో స్వరం రెండు సెకన్లు నేరుగా రికార్డు చెయ్యండి. తెరమీద అలల ఎత్తు సమంగా ఉండి చెవికి మాత్రమే ‘ఎ’ పెద్దగా వస్తే తప్పు గదిది. రికార్డింగులో 55 దగ్గర ఈక్యూతో (స్వరాల స్థాయి సర్దే నాబ్‌తో) కొయ్యొద్దు. కోస్తే మీ గదిలో బాగుంటుంది, పక్కింట్లో డొల్లగా ఉంటుంది. అల కూడా లేచి ఉంటే పికప్ ఎత్తో, వేళ్ళ బలమో చూసుకోవాలి.

గుడ్ల ట్రేలు, పీచు చాపలు చప్పట్ల ప్రతిధ్వనిని కాస్త ఆపుతాయి, 55 హెర్ట్జ్‌కి అవి ఉన్నట్టే తెలీదు. ఆ అలలో నాలుగో వంతే అయిదు అడుగులు! ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతి నార) 4 అంగుళాల మందం పలకలు, 2 అడుగులకి 4 అడుగులవి, నూలు గుడ్డ చుట్టి గది మూలల్లో నేల నుంచి పైదాకా ఏటవాలుగా నిలబెట్టండి. వెనక ఖాళీ ఎంత ఉంటే అంత మేలు. చేత్తో పట్టేటప్పుడు మాస్కు, చేతితొడుగులు తప్పనిసరి. చెమ్మ గోడకి ఆనించొద్దు, మన వానాకాలానికి బూజు పట్టి కంపు కొడుతుంది. అంతా చేసినా గుమ్ము తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. కుర్చీని ముందు గోడకి నాలుగున్నర అడుగుల దూరంలోకి జరిపితే పైసా ఖర్చు లేకుండా కొంత తేడా తెలుస్తుంది. బేస్ స్థాయి మాత్రం హెడ్‌ఫోన్లలోనే తేల్చుకోండి.

ప్రశ్న: కంప్యూటర్లో రికార్డు చెయ్యడానికి రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ కొన్నాను. బేస్ సన్నగా రికార్డవుతోంది, పైగా వాయించాక కాసేపటికి వినపడుతోంది. ల్యాప్‌టాప్ ఛార్జరు పెడితే కీచుమంటోంది. కంప్రెసర్ ఎలా పెట్టాలో కూడా చెప్పండి.
- పాలకొల్లు

జవాబు: మూడు లోపాలూ వేర్వేరు. సన్నదనానికి ‘ఇన్‌స్ట్’ (ఇన్‌స్ట్రుమెంట్) అన్న మీట నొక్కకపోవడం మొదటి అనుమానం, లైన్ ఇన్‌పుట్ పాసివ్ పికప్‌ని నొక్కేస్తుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి, మీరు కొట్టగలిగినంత గట్టిగా కొట్టినా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (ఇన్‌పుట్ స్థాయి) ఉంచండి. ఎరుపు దాకా లాగితే లాభమేమీ లేదు.

ఆలస్యానికి విండోస్‌లో ఆ కంపెనీ సొంత ఏఎస్ఐఓ డ్రైవరు వేసి, బఫర్ (కంప్యూటర్ ఒక దఫాకి పట్టి ఉంచే శాంపిళ్ళ సంఖ్య) 128 పెట్టండి, ఒక దఫాకి 2.7 మిల్లీసెకన్లు. చిటపటలు వస్తే 256. మిక్సింగులో 1024కి పెంచుకోండి. డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే వాయించేటప్పుడు అది వేసుకుంటే బఫర్‌తో పనే లేదు. కీచుకి రికార్డయ్యే నాలుగు నిమిషాలు ఛార్జరు పీకెయ్యడమే అన్నిటికన్నా తేలికైన వైద్యం.

కంప్రెసర్ (గట్టి దెబ్బల్ని అణిచి స్థాయిని సమం చేసేది) అడిగారు కదా: నిష్పత్తి 4కి 1, అటాక్ (అణచడం మొదలయ్యే వ్యవధి) 25 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదిలే వ్యవధి) 120, సూది నాలుగైదు డెసిబెల్స్ వంగేలా. అటాక్ మరీ తగ్గిస్తే వేలి మొదటి దెబ్బ చచ్చిపోతుంది.

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర. నెల తిరక్కుండా తీగలు తుప్పు పడుతున్నాయి, వాల్యూం నాబ్ గరగరమంటోంది.

జవాబు: ఉప్పుగాలికి నికెల్ తీగలు నిలవవు, స్టెయిన్‌లెస్ స్టీల్‌వో, పూత వేసినవో కొనండి. వాయించడం అవగానే ప్రతి తీగనీ కిందనుంచి కూడా పొడి నూలుగుడ్డతో తుడవండి, తుప్పు ఎక్కువగా తినేది అడుగు వైపే. కేసులో వంద గ్రాముల సిలికా జెల్ మూటకట్టి ఉంచి, రంగు మారినప్పుడల్లా మూకుట్లో సన్నసెగన వేయించుకోండి. ఆ మూకుడు మళ్ళీ వంటకి వాడొద్దు.

నాబ్‌కి ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చిమ్ము కొట్టి, ఇరవైసార్లు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పండి. గడియలకీ బోల్టులకీ కొట్టే స్ప్రే వద్దు, దాని జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది. వానాకాలం మొదట్లో మెడ కూడా ఒకసారి చూసుకోండి: ఒకటో ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టుకుంటే ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల సందుండాలి. ఎక్కువైతే ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి ఉక్కు కడ్డీని) ఆలెన్ కీతో పావు చుట్టు బిగించి, మర్నాడు మళ్ళీ కొలిచాకే ఇంకో పావు.