మొక్క నాటిన తర్వాత మొదలయ్యే పని

ప్రశ్న: మాది చంద్రగిరి. మా అమ్మాయి బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. వేసవి సెలవుల్లో ఏదైనా పెద్ద ఉద్యానవనంలో ఇంటర్న్‌షిప్ చేస్తానని పట్టుబడుతోంది. తోటమాలులతో కలిసి గునపం పట్టడానికా ఇంత చదివించింది అని నా బాధ. మే నెల ఎండల్లో ఆరుబయట పని అంటే భయం కూడా. ఎరువుల కంపెనీలో చేరితే రేపు ఉద్యోగానికైనా పనికొస్తుంది కదా? అసలు ఇలాంటి అవకాశాలు మన చుట్టుపక్కల ఉన్నాయా?

జవాబు: గునపం అన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. తిరుమల ఆలయ మహాద్వారం దగ్గర వేలాడే గునపాన్ని మీరు చూసే ఉంటారు. స్వామికి పూలతోట పెంచాలన్న రామానుజుల మాట మీద కొండెక్కి వచ్చిన అనంతాళ్వారుదని చెబుతారు దాన్ని. ఆయన పండితుడు. చెరువు తవ్వాడు, మట్టి మోశాడు. ఆ గునపానికి ఆలయ ద్వారం దగ్గర చోటిచ్చిన ప్రాంతంవారు మీరు. మీ అమ్మాయి చేతిలో గునపాన్ని చూసి చిన్నబుచ్చుకోకండి.

ఇక ఉద్యోగం మాట. మొక్కలు నాటడం ఒక్క రోజు పని. వాటిని పదేళ్లు కాపాడటం వేరే విద్య, అది తెలిసినవారు చాలా తక్కువ. ఈమధ్య ఒక కాలనీ పార్కులో నాలుగేళ్ల కానుగ చెట్టును చూశాను. నాటినప్పుడు ఊతకర్రకు కట్టిన నైలాన్ తాడును తర్వాత ఎవరూ విప్పలేదు. కాండం లావెక్కింది, తాడు బెరడులోకి దిగిపోయింది. కట్టుకు పైన కాండం ఉబ్బింది, కింద సన్నగానే మిగిలింది. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగాలి, ఆ దారిని తాడు మూసేసింది. మొదటి ఏడాదిలో ఎవరైనా ఆ ముడి వదులు చేసి ఉంటే చెట్టు బతికేది. ఊతకర్ర ఎందుకు కట్టాలో తరగతిలో చెబుతారు. ఎప్పుడు విప్పాలో తోటలో తిరిగితేనే కంటికి ఆనుతుంది. ల్యాండ్‌స్కేప్ సంస్థలు, పెద్ద క్యాంపస్‌లు, మున్సిపాలిటీలు వెతికేది ఆ కన్ను ఉన్న మనిషి కోసమే.

నాలుగో ఏడాదిలో గ్రామీణ ఉద్యాన పని అనుభవం పేరుతో మీ అమ్మాయి రైతుల తోటలకు ఎలాగూ వెళ్తుంది. ఎరువులు, పురుగు మందుల సంగతి అక్కడ తెలుస్తుంది. పార్కులు, పూలతోటల నిర్వహణ నేర్చుకోవడానికి ఈ వేసవిని మించిన అదను లేదు.

మీ ఇంటికి దగ్గరలోనే మంచి చోట్లు ఉన్నాయి. నా మొదటి ఓటు తిరుమల తిరుపతి దేవస్థానం ఉద్యానవన విభాగానికి. కొండ మీది తోటలు, నిత్య కైంకర్యాలకు పూలు, బ్రహ్మోత్సవాల అలంకరణలు, ఇవన్నీ ఆ విభాగం చూసే పనులే. ఏ పువ్వు ఎన్ని గంటలు వాడకుండా నిలుస్తుందో, రేపటి అలంకరణకు ఈ రోజు ఏం సిద్ధంగా ఉండాలో అక్కడ నేర్చుకున్నంతగా ఇంకెక్కడా నేర్చుకోలేం. వాడిన పూలను ఎండబెట్టి చిత్రపటాలు తయారుచేసే పని కూడా డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం సహకారంతో తిరుపతిలో సాగింది. పూల మీద ఆసక్తి ఉంటే దాని గురించి ప్రత్యేకంగా అడగమనండి.

రెండోది 1987లో మొదలైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల. జంతువుల దగ్గర మొక్కల పని ఏమిటని అనుకోవద్దు. జింకల ఆవరణలో నీడకు ఏ చెట్టు వేయాలి, ఏది తింటే వాటికి ముప్పు అనేది ఉద్యాన విద్యార్థి తేల్చాల్సిన విషయమే. రోడ్ల మధ్య డివైడర్లలో అందంగా పూసే గన్నేరు వాటి నోటికి అందితే విషం.

ఇంకొకటి నా మనసుకు దగ్గరైన సంగతి. శేషాచలం కొండల్లో ఎర్రచందనంతో పాటు తంబ జాలారి, మొగి, పెరిత వంటి అరుదైన మొక్కలున్నాయి. ప్రపంచంలో ఎక్కువగా ఈ తూర్పు కనుమల పరిసరాల్లోనే కనిపించేవి అవి. మన పార్కుల్లో మాత్రం ఎక్కడి నుంచో తెచ్చిన మొక్కలే ఎక్కువ. ఈ కొండ చెట్ల విత్తనాలు మొలకెత్తించడం, వాటికి నర్సరీ పెంచడం మీద అటవీ శాఖ నర్సరీలోనో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలోనో ఆరు వారాలు పనిచేసినా తర్వాత ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్పుకోవడానికి తనదైన విషయం ఉంటుంది.

బయటికి పంపగలిగితే బెంగళూరు లాల్‌బాగ్. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, నేడు 240 ఎకరాలు. జనవరిలో, ఆగస్టులో పూల ప్రదర్శనలు జరుగుతాయి. ప్రదర్శన రోజుకు వేల కుండీలు ఒకేసారి పూయాలంటే విత్తనం ఎప్పుడు వేయాలి, మొక్కల కొనలు ఎప్పుడు తుంచాలి అన్న లెక్క వారాల ముందే మొదలవుతుంది. చూడాల్సింది ఆ తయారీని. లండన్ క్యూ గార్డెన్స్, అమెరికాలోని లాంగ్‌వుడ్ గార్డెన్స్ వంటివి డిగ్రీ అయ్యాక చూడవచ్చు. అమెరికాలో ఇలాంటి శిక్షణకు జే-1 వీసా కావాలి. అప్పుడు కూడా ముందు అడిగేది చేతి అనుభవమే.

నోటిఫికేషన్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవద్దు, చాలా చోట్ల అసలు రాదు. కళాశాల అసోసియేట్ డీన్ సంతకంతో ఒక లేఖ, అమ్మాయి తన మాటల్లో రాసిన ఒక పేజీ చాలు. సంక్రాంతి సెలవులు ముగిసేలోగా ఇవ్వాలి. ఆ పేజీలో ‘ఏ పనైనా చేస్తాను’ అని రాయవద్దని చెప్పండి. అలా రాసినవారికి ఫైళ్లు సర్దే పని దొరుకుతుంది. ‘ఒక చిన్న స్థలం ఆరు వారాల పాటు నాకు అప్పగించండి. నీరు, ఎరువు, కత్తిరింపు, కలుపు నేనే చూసి రోజూ రిజిస్టరులో రాస్తాను’ అని అడగాలి. లాన్‌కు ఎన్ని నిమిషాలు నీరు పెట్టారు, తడి ఎన్ని అంగుళాల లోతుకు దిగింది, ఎండకు ఏ మూల ముందు మాడింది, ఇవన్నీ ఆ రిజిస్టరులోకి ఎక్కాలి. సర్టిఫికెట్ కన్నా అదే విలువైనది.

స్టైపెండ్ మీద ఆశ పెట్టుకోకండి, ప్రయాణం, భోజనం ఖర్చు మీదే అనుకోండి. డబ్బు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామనే వారి జోలికి వెళ్లవద్దు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో వచ్చినప్పుడు పూర్తికాల చదువులో ఉన్నవారికి వర్తించలేదు. ముందు ముందు డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే ఒక మాట గుర్తుంచుకోండి: ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ మాస్టర్స్‌కు చాలా సంస్థలు బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అడుగుతాయి. హార్టికల్చర్ చదివినవారికి సరైన దారి ఫ్లోరికల్చర్ (పూల సాగు), ల్యాండ్‌స్కేపింగ్‌లో ఎంఎస్సీ.

మే నెల ఎండ గురించి మీ భయం న్యాయమైనదే. తోట పని తెల్లవారి ఆరింటికే మొదలవుతుంది, మధ్యాహ్నం నీడ పట్టున నర్సరీ పని ఇవ్వమని ముందే మాట్లాడుకోవచ్చు. మందు పిచికారీ చేసే రోజున చేతి తొడుగులు, మాస్కు ఇస్తారా అని తప్పక కనుక్కోండి, ఇవ్వకపోతే మీరే కొనివ్వండి. అక్కడ పాతికేళ్లుగా పనిచేస్తున్న మాలి ఎవరో ఒకరు ఉంటారు, ఆయన్ని అన్నా అని పిలిచి పక్కనే నిలబడమని చెప్పండి. అంటు కట్టేటప్పుడు కత్తి ఏ వాలులో ఆనించాలో ఆయన చేతిని చూసే నేర్చుకోవాలి.

లేఖ ఇవ్వడానికి ఆఫీసులోకి మాత్రం తననే వెళ్లనివ్వండి. మీరు బయట బండి దగ్గర ఉండండి.