పెరిగింది కార్టు కాదు, కుర్రాడు

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు. రెండేళ్ళుగా ఇరుంగాట్టుకోట్టైలో కార్టింగ్ (చిన్న రేసు బండి తోలే ఆట) ప్రాక్టీసు చేస్తున్నాడు. చాసిస్ (బండి గొట్టాల చట్రం) సెకండ్ హ్యాండ్‌ది, ఇంజిను 125 సీసీ టూ స్ట్రోక్. పొద్దున బండి బాగానే వెళ్తుంది. మధ్యాహ్నం రెండు దాటితే మలుపు మధ్యలో వెనక భాగం కప్పలా గెంతుతోంది. వెనక ఎత్తు తగ్గిద్దామని మెకానిక్ అంటాడు. మావాడి స్నేహితుడేమో, పోయినేడు పెంచితేనే కదా బాగుపడింది, ఇరుసు బిగించే రంధ్రాల్లో ఇంకొకటి మార్చి మరింత పెంచమంటాడు. ఎవరి మాట వినాలి? అన్నట్టు పాత సీటు బిగుతైందని ఈమధ్యే మార్చాం.
— ఒక తండ్రి, పెరంబూరు

జవాబు: అయ్యా, మీరు అన్నట్టు అని చివర్లో రాసిన ముక్కే అసలు సంగతి. సీటు బిగుతైందంటే కుర్రాడు పెరిగాడు. కార్టులో ఏ భాగాన్ని తూచినా డ్రైవరంత బరువుండదు. ఇప్పుడు వాడి భుజాలు, హెల్మెట్ పెట్టిన తల నిరుటికన్నా పైన ఉన్నాయి. వెనక ఎత్తు పెంచితే జరిగేది కూడా అదే, బరువు నేలకి మరింత దూరంగా జరుగుతుంది. మీరు స్పానర్ ముట్టుకోకుండానే మీవాడు ఆ పని చేసేశాడు. పోయినేడు చిన్నవాడు కాబట్టి స్నేహితుడి మాట అప్పటికి సరైనదే. ఈ ఏడు మెకానిక్ మాట వినండి.

గెంతడం ఎందుకంటారా? ఎడ్లబండికైనా రెండు చక్రాలు దేని దారిన అది తిరుగుతాయి. కార్టుకి ఆ సుఖం లేదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు, సస్పెన్షన్ లేదు. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కాబట్టి అది కాసేపు నేల వదలాలి. బరువు ఎంత ఎత్తున ఉంటే అంత గట్టిగా బయటి చక్రం మీదికి ఒరుగుతుంది, లోపలిది అంత లేస్తుంది. పొద్దున ట్రాక్ మీద దుమ్ము, పట్టు తక్కువ. మధ్యాహ్నానికి అందరి టైర్ల రబ్బరూ అంటుకుని పట్టు పెరుగుతుంది. అప్పుడు బయటి టైరు పట్టి, జారి, మళ్ళీ పట్టి ఎగరేస్తుంది.

ఇక రంధ్రాల గొడవ. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఇరుసు నేలకి ఎంత ఎత్తున ఉండాలో నిర్ణయించేది టైరు. అది మారదు. పైకీ కిందికీ జరిగేది చాసిస్. ఉట్టిని కొక్కేనికి తగిలించడం గుర్తు తెచ్చుకోండి. తాడులో పై ముడిని తగిలిస్తే కుండ కిందికి దిగుతుంది, కింది ముడిని తగిలిస్తే పైకి వస్తుంది. అలాగే ఇరుసుని పై రంధ్రంలోకి మారిస్తే చాసిస్ దిగుతుంది. షెడ్డులో చేరిన కొత్తలో మా మేస్త్రీ వెనక పెంచరా అంటే నేను ఇరుసునే పైకి పెంచాను. రెండు సెషన్లు బండి వెనక భాగం జారుతూనే ఉంది. మేస్త్రీ టేపు తీసి చాసిస్ గొట్టం కింద కొలిచి, నా మొహం వంక చూశాడు. తిట్టినా బాగుండేది. మీరూ మార్చేముందు ఒకసారి, మార్చాక ఒకసారి నేల నుంచి గొట్టం దాకా కొలిచి రాసుకోండి.

మార్చేటప్పుడు రెండువైపులా ఒకే రంధ్రం. ఇరుసుని పట్టే బేరింగులు రెండే కాక మూడోది కూడా ఉంటే దాన్నీ వదులు చేసి జరపాలి. దాన్ని మరిచిపోతే ఇరుసు బిగుసుకుపోయి ఇంజిను బలం తినేస్తుంది. చెయిన్ తీసేసి ఇరుసుని చేత్తో తిప్పి చూడండి, ఒక్క తోపుకి చాలాసేపు తిరగాలి. తర్వాత చెయిన్ బిగువు, లైను మళ్ళీ సరిచూడాలి, ఎందుకంటే ఇంజిను చాసిస్‌తోపాటు కదిలింది. బ్రేకు డిస్కు, దాన్ని నొక్కి పట్టే క్యాలిపర్‌కి మధ్యలోనే ఉందో లేదో కూడా చూడండి.

అయితే రేపే రంధ్రం మార్చకండి. ముందు గాలి చూడండి. పొద్దున చల్లని టైరులో పెట్టిన ప్రెషర్ మన శ్రీపెరుంబుదూరు ఎండలో అలాగే ఉండదు. మధ్యాహ్నం సెషన్‌కి ముందు టైర్లని నీడలో పెట్టి, చల్లారాక కొలిచి, పెరిగి ఉంటే పొద్దుటి అంకెకే దించాలి. దాంతో తగ్గకపోతే వెనక వెడల్పు ఒక్కో పక్క 5 మిల్లీమీటర్లు పెంచి చూడండి, మొత్తం 1400 మిల్లీమీటర్లు దాటకుండా. అప్పటికీ గెంతితే చాసిస్‌ని ఒక్క రంధ్రం దించండి. ఒక సెషన్‌కి ఒక్క మార్పే. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలియదు.

దించాక కర్బులు (మలుపుల అంచు దిమ్మెలు) ఎక్కినప్పుడు గొట్టాలు, సీటు అడుగు గీసుకుంటాయి. కొత్త సీటు గొట్టాలకన్నా కిందికి వేలాడుతోందేమో చూడండి. వారానికోసారి గొట్టం అడుగున వేలు పెట్టి తడమండి. గుండ్రంగా ఉండాల్సింది బల్లపరుపుగా తగిలితే లోహం అరిగిపోతోందన్నమాట.

ప్రశ్న: వానలో వెనక ఎత్తు పెంచుతారెందుకు? జారే నేల మీద బండి కిందికి ఉంటేనే క్షేమం కదా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, ఆవడి

జవాబు: కారు విషయంలో మీ మాట కొంత నిజమేనమ్మా. తడి ట్రాక్ మీద పట్టు లేక, మలుపులో బరువు పక్కకి ఒరగదు. ఒరగకపోతే లోపలి చక్రం లేవదు, లేవకపోతే ఆ ఇరుసు బండిని తిన్నగానే తోస్తుంది. అందుకే కావాలని బరువు పైకెత్తుతాం, వెనక వెడల్పు తగ్గిస్తాం, ముందు వెడల్పు పెంచుతాం.  ట్రాక్ ఆరడం మొదలైందంటే మాత్రం ఆ సెట్టింగే పామై కరుస్తుంది.

ప్రశ్న: మాల్ పక్కన అద్దె కార్టు తోలతాను. అక్కడివాళ్ళని వెనక ఎత్తు మార్చమని అడగొచ్చా?
— అన్నానగర్

జవాబు: అడగొచ్చు. నవ్వి, హెల్మెట్ చేతికిస్తారు.