ఎన్నారై సందేహాలు: ఇంగ్లండులో పురుడు, కోనసీమ పథ్యం

రాజోలు దగ్గరి పల్లె నుంచి ఇటీవలే ఉద్యోగానికి ఇంగ్లండు వచ్చిన ఒక యువకుడు, తన భార్యకు ఐదో నెల నడుస్తున్నదనీ, ఇంతవరకు ఒక్క డాక్టరు కూడా ఆమెను చూడలేదనీ, రెండే స్కాన్లు తీసి ఇక అక్కర్లేదన్నారనీ చెప్పి, పురిటికి అమ్మాయిని పుట్టింటికి పంపించడమే మంచిదా అని అడిగారు. ఊళ్లో ఉంటే నెలనెలా అమలాపురం వెళ్లి లేడీ డాక్టరుకు చూపించుకునే అలవాటున్న ఇళ్లలో ఈ కంగారు సహజమే.

పంపించదలిస్తే ఇప్పుడే నిర్ణయించుకోవాలి. 28 వారాలు దాటిన గర్భిణిని చాలా విమాన సంస్థలు డాక్టరు ఉత్తరం అడుగుతాయి, 36, 37 వారాల తరువాత ఎక్కించుకోవు. నన్నడిగితే, ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిని అంత దూరం పంపనక్కర్లేదంటాను. వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి కట్టారు కాబట్టి ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలకూ కాన్పుకూ వేరే బిల్లు ఉండదు. మందులకు, పళ్ల వైద్యానికి కూడా ప్రసవపు తేదీ తరువాత 12 నెలల వరకు డబ్బు కట్టనక్కర్లేకుండా ఒక ధ్రువపత్రం ఇస్తారు; కాన్పులు చేసే నిపుణురాలైన మిడ్‌వైఫ్‌ను అడిగి తీసుకోండి.

డాక్టరు చూడకపోవడం నిర్లక్ష్యం కాదు. ఇక్కడ సాధారణ గర్భాన్ని మొదటి నుంచి చివరి దాకా చూసేదీ, కాన్పు చేసేదీ మిడ్‌వైఫే. ఆమె ఆ చదువు డిగ్రీగా చదివి, చట్టప్రకారం రిజిస్టరైన నిపుణురాలు. బీపీ, షుగరు, రక్తస్రావం వంటి చిక్కు కనిపించినప్పుడే డాక్టరును పిలుస్తుంది. తొలిచూలుకు సుమారు పదిసార్లు పిలిచి, ప్రతిసారీ బీపీ, మూత్రం పరీక్షిస్తారు, 24 వారాల తరువాత టేపుతో పొట్ట కూడా కొలుస్తారు. 11–14 వారాల మధ్య ఒకటి, 18–21 వారాల మధ్య ఒకటి, రెండే స్కాన్లు మామూలు. కొన్ని ఆసుపత్రుల్లో రెండో స్కాన్‌లో ఆడపిల్లో మగపిల్లాడో చెబుతారు కూడా. మన దేశంలో 1994 చట్టం దాన్ని నేరం చేసింది కాబట్టి ఆ కబురు ఊరికి చేరవేయాలన్న తొందర లేకుండా ఉండడమే మర్యాద.

మనవాళ్ల విషయంలో ప్రత్యేకంగా పట్టించుకోవలసిన పరీక్షలు ఉన్నాయి. దక్షిణాసియా మూలాలున్న స్త్రీలలో గర్భం సమయంలో షుగరు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి 24–28 వారాల మధ్య గ్లూకోజు తాగించి రక్తం తీస్తారు; ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్లాలి. వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు తలసేమియా పరీక్ష మొదట్లోనే అయిపోయి ఉండాలి, ఫలితం అడిగి తెలుసుకోండి. ఎండ తక్కువైన దేశం కనుక విటమిన్ డి రోజుకు 10 మైక్రోగ్రాములు తప్పదు. కోరింత దగ్గు టీకా 16 వారాల నుంచి, పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే వైరస్ అయిన ఆర్‌ఎస్‌వీ టీకా 28 వారాల నుంచి ఇస్తారు.

ఒకసారి మిడ్‌వైఫ్ మిమ్మల్ని బయట కూర్చోమని, అమ్మాయితో ఒంటరిగా మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా అని ప్రతి గర్భిణినీ అడగడం వాళ్ల నియమం. మన మీద అనుమానమని చిన్నబుచ్చుకోకండి. ఇంగ్లిషు సరిగా రాకపోతే తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేస్తారు.

కడుపులో కదలికలు తగ్గాయనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. ఆసుపత్రి ప్రసూతి విభాగం నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, రక్తం కనిపించడం కూడా అలాంటివే. ఇక ముహూర్తం. ఆంధ్రప్రదేశ్‌లో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. తిథి, నక్షత్రం చూసుకుని రోజు పెట్టించుకోవడం మనకు వింతేమీ కాదు. ఇక్కడ కోరి సిజేరియన్ చేయించుకునే హక్కు ఉన్నా, 39 వారాలకు ముందు కారణం లేకుండా చేయరు. తొందరపడి బయటికి తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బంది వస్తుందన్నదే వాళ్ల కారణం, అది నిజం.

తల్లీబిడ్డా కులాసాగా ఉంటే మర్నాటికే, ఒక్కోసారి అదే రోజు ఇంటికి పంపేస్తారు. తరువాత మిడ్‌వైఫే ఇంటికి వస్తుంది. ఐదో రోజున, పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బుల పరీక్షకు, బిడ్డ మడమ పొడిచి రక్తపు చుక్కలు కాగితం మీద తీస్తుంది. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం మామూలే, పది శాతం దాటితేనే ఆలోచించాలి. అమ్మమ్మగారు త్రాసు చూసి పోతపాలు కలిపేయకుండా చూసుకోండి. పచ్చకామెర్ల విషయంలో మాత్రం మన చామనచాయ పిల్లలతో చిక్కుంది. ఒళ్లు చూస్తే పసుపు తెలియదు. బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లలోని తెల్లగుడ్డు, నోట్లో చిగుళ్లు వెలుతురులో చూడండి. పుట్టిన 24 గంటలలోపు పసుపు కనిపించినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా వెంటనే ఫోన్ చేయాలి. మన దేశంలో పుట్టినవారి బిడ్డలు కాబట్టి బీసీజీ టీకా కూడా ఇస్తారు.

అత్తగారో అమ్మగారో విజిటర్ వీసా మీద వస్తారనుకుంటాను. వారి సొంత వైద్యం ఉచితం కాదు కాబట్టి బీమా తీసుకుని రావాలి. కాయం ముద్ద చేయడానికి శొంఠి, పిప్పళ్లు, మిరియాలు దంచిన పొడి తేవచ్చు, కానీ నెయ్యి తేనివ్వరు. పాల పదార్థాలకు అనుమతి లేదు, ఇక్కడే కొనుక్కోండి. మన తీరప్రాంతంలో పాలు పడతాయని బాలింతకు పెట్టే సొరపుట్టును వారానికి ఒక్కపూటకే పరిమితం చేయాలి, గర్భంతో ఉండగా అసలు వద్దు. సొరచేపలో పాదరసం పేరుకుంటుంది. వెల్లుల్లి కారం, కందిపొడి, బీరకాయ పథ్యం నిక్షేపంగా పెట్టండి, మంచినీళ్లు మాత్రం తగ్గించవద్దు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ.

బిడ్డకు వస కొమ్ము, తేనె నాకించడం, కాటుక దిద్దడం, చెవుల్లో ముక్కులో నూనె పోయడం వద్దని పెద్దవారికి ముందే, వారు విమానం ఎక్కకముందే, నెమ్మదిగా చెప్పండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రాణాంతకం కావచ్చు. ముర్రుపాలు పిండి పారబోయకూడదు. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికీ మంచిది కాదు, పైకప్పు మీద అలారం మోగి పక్క ఫ్లాట్ల వాళ్లంతా వీధిలోకి వస్తారు. బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి, గదిలో చలి అని టోపీ పెట్టి నిద్రపుచ్చకూడదు. రెండు వారాలు దాటినా తల్లి దిగులుగా, నిద్రలేక ఏడుస్తూ ఉంటే అది బాలింత నీరసమని కొట్టిపారేయకుండా, పసిబిడ్డల ఇళ్లకు వచ్చే నర్సు అయిన హెల్త్ విజిటర్‌తో చెప్పాలి.

బిడ్డ పుట్టుకను ఇక్కడ 42 రోజులలోగా నమోదు చేయాలి. బారసాల 21వ రోజున చేసుకున్నా పేరు రాయించడానికి ఇంకా మూడు వారాల గడువు ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ వర్క్ వీసా మీద ఉంటే బిడ్డకు బ్రిటిష్ పౌరసత్వం రాదు కాబట్టి, ఆ పుట్టుక పత్రంతో ఏడాది నిండకముందే భారత హైకమిషన్‌లో కూడా నమోదు చేయించి పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టండి.