హైవే మీద టెంపరేచర్ ముల్లు పడిపోతుంటే

సిటీలో ముల్లు సగంలోనే ఉంటోంది, హైవే మీద స్పీడు 80 దాటగానే సీ (కోల్డ్, అంటే చల్లన) వైపు జారిపోతోంది, మెకానిక్ సెన్సర్ మార్చమంటున్నాడు అన్నారు కదా. సెన్సర్ అప్పుడే కొనకండి. బండి చల్లగా ఉన్నప్పుడు ముందు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. అది సరిగ్గా ఉంటే నా అనుమానం థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) మీదే, తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. ట్రాఫిక్‌లో రేడియేటర్‌కి గాలి అంతగా తగలదు కాబట్టి బయటపడదు. స్పీడులో గాలి దంచికొట్టేసరికి ఇంజిన్ అతిగా చల్లబడిపోతుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కి దూరంగా ఉండి, రేడియేటర్ పైగొట్టం ముట్టుకు చూడండి. థర్మోస్టాట్ బాగుంటే గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఆ తర్వాత గబుక్కున వేడెక్కుతుంది. మొదటి నుంచీ మెల్లగా గోరువెచ్చనవుతూ పోతే అదే దొంగ. (కొన్ని బళ్లలో థర్మోస్టాట్ కిందిగొట్టం వైపు ఉంటుంది, అప్పుడు దాన్ని చూడాలి.)

అన్నట్టు, ముల్లు సగంలో కదలకుండా ఉంటే వేడి మారట్లేదని కాదు. చాలా కొత్త కార్లలో కూలెంట్ సుమారు 80 నుంచి 105 డిగ్రీల మధ్య ఎంతున్నా ముల్లు అక్కడే నిలబడేలా కంపెనీవాళ్లే సెట్ చేస్తారు. అసలు అంకె కావాలంటే ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని రీడింగులు చూపించే చిన్న పరికరం) పెట్టుకోండి.

ఇలాగే తిప్పితే మైలేజీ పడుతుంది, ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తుంది. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత విప్పొద్దు.