అమ్మలూ, సర్వర్ తర్వాత, ముందు అమ్మమ్మ టాబ్లెట్ సంగతి చూడు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, బ్రాడీపేట ఇంట్లో నువ్వు పెట్టిన సర్వర్‌కి సర్టిఫికెట్, అంటే ఆ సైట్ మనదేనని బ్రౌజర్‌కి చూపించే గుర్తింపు కార్డు, ఎక్స్‌పైర్ అయిందంట, ఫోటోలు తెరుచుకోవట్లేదంట, ఎవర్నీ పిలవక్కర్లేదు ఆదివారం గుంటూరు వెళ్ళి నేనే చూస్కుంటా అన్నావంట. భలే సంతోషమేసిందమ్మా. తాతయ్య ఆల్బమ్‌లన్నీ కూర్చుని స్కాన్ చేసి, ఆ చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డు కంప్యూటర్‌లో ఎక్కించి, ఇంటిల్లిపాదికీ కనపడేట్టు చేశావు, నీ ఈడులో మేమెవరం ఇంత ఓపిక పట్టలేదు. కానీ మీ అమ్మ అక్కడితో ఆపలేదు. "అప్పటిదాకా బ్రౌజర్‌లో ఎర్ర హెచ్చరిక పేజీ వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి, కింద ప్రొసీడ్ నొక్కమని మన అమ్మకి నేర్పిందిరా, అమ్మ చక్కగా నొక్కేస్తోంది" అంది. ఇక నిద్ర పడితే ఒట్టు. ఫోన్ చేస్తే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావని రాస్తున్నా, మొత్తం చదువు.

పని పెద్దదేం కాదు. ముందు సర్టిఫికెట్ ఎక్స్‌పైరీ డేట్ చూడు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్‌తో చూస్తే టైమ్ జీఎమ్‌టీలో చూపిస్తుంది, మనకి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. తర్వాత పై బోర్డు గడియారం చూడు, టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్ కొడితే సింక్ అయిందో లేదో చెప్తుంది. కరెంటు పోయి వచ్చాక దానికి బ్యాటరీ లేకపోతే టైమ్ తెలీదు, నెట్ నుంచి తెచ్చుకునేదాకా పాత టైమే పట్టుకుని కూర్చుంటుంది.

ఆ తర్వాత, సర్టిఫికెట్ తెచ్చి రెన్యూ చేసే సర్ట్‌బాట్ ఉందిగా, సర్ట్‌బాట్ సర్టిఫికెట్స్ అని కొట్టు. ఇక్కడ రెండే రెండు దార్లు. డిస్క్‌లో ఉన్న సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందని చూపిస్తూ బ్రౌజర్ మాత్రం ఎక్స్‌పైర్డ్ అంటోందంటే, రెన్యూవల్ బానే అయింది, పేజీలు చూపించే ఎన్‌జింక్స్‌కి ఆ సంగతి తెలీదు, అంతే. కొత్త రేషన్ కార్డు బీరువాలో దాచి షాపుకి పాతది పట్టుకెళ్ళినట్టు. రీలోడ్ చెయ్, అయిపోతుంది. డిస్క్‌లోది కూడా ఎక్స్‌పైర్ అయ్యుంటే రెన్యూవలే ఫెయిలవుతోందన్నమాట.

అదే అయితే ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళ సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులది, సర్ట్‌బాట్ చివరి 30 రోజుల్లోకి రాగానే రెన్యూ చెయ్యడానికి ప్రయత్నం మొదలెడుతుంది, రోజుకి రెండుసార్లు. అంటే నీ సర్వర్ నెలరోజులుగా రోజూ ట్రై చేసి ఫెయిలవుతోంది, మనమే చూడలేదు. మొన్న ఎక్స్‌పైర్ అయిన రోజు ఏం జరిగిందా అని వెతక్కు, నెల కిందట, ఇంకాస్త వెనక ఏం మారిందో వెతుకు. నాకు గుర్తున్నంతవరకు ఆ ఉరుముల వానకి ఫైబర్ బాక్స్ కాలిపోయిందని అమ్మ చెప్పింది, కుర్రాడొచ్చి కొత్తది పెట్టి వెళ్ళాడు. పాతదాంట్లో నువ్వు చేసిన పోర్ట్ ఫార్వార్డింగ్, అంటే బయటినుంచి వచ్చినవాళ్ళని బోర్డు దగ్గరికి పంపే సెట్టింగ్, కొత్తదాంట్లో ఎక్కణ్ణుంచి వస్తుంది? డొమైన్ మనదేనా అని చూసే హెచ్‌టీటీపీ చాలెంజ్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు బయటినుంచి 80 పోర్ట్‌లోనే వచ్చి తలుపు కొడతారు. కొత్త బాక్స్‌లో వాన్ ఐపీ, అంటే దాని బయటివైపు అడ్రసు, చూడు, అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే నువ్వు సీజీనాట్ వెనకాల ఉన్నావు, అంటే ఒకే బయటి అడ్రసుని చాలా ఇళ్ళకి పంచారు, ఎంత ఫార్వార్డ్ చేసినా బయటివాళ్ళు లోపలికి రాలేరు, ఆదివారమంతా రౌటర్ పేజీలో కూర్చుని కళ్ళు పోగొట్టుకోకు. డీఎన్‌ఎస్ చాలెంజ్‌కి మార్చెయ్, డొమైన్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెడితే చాలు, ఇంటి తలుపు తెరవక్కర్లేదు. నన్నడిగితే సీజీనాట్ లేకపోయినా అదే చెయ్యమంటా. ఆ రికార్డు సర్ట్‌బాటే పెట్టుకోడానికి ఇచ్చే ఏపీఐ టోకెన్‌కి మాత్రం ఆ ఒక్క డొమైన్ డీఎన్‌ఎస్ మార్చే పర్మిషనే ఇవ్వు, ఆ టోకెన్ ఫైల్ పర్మిషన్ 600 పెట్టు, ఇంకెవరూ చదవకుండా.

ఇప్పుడు అసలు సంగతి.

నేను పనిచేసిన ఆఫీసుల్లో ఒకటి, ఏలూరు రోడ్డులో, పేరు వద్దులే, అక్కడ లోపలి మెయిల్ సర్వర్‌కి ఇలాగే సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయింది. మార్చి నెలాఖరు, అకౌంట్స్ వాళ్ళు తలెత్తే టైమ్ లేదు. మా పైన సిస్టమ్స్ చూసే పెద్దాయన మంచివాడే, పనిమంతుడే, కానీ అప్పట్లో సర్టిఫికెట్ అంటే డబ్బులు కట్టి కొనాలి, దానికి మేనేజ్‌మెంట్ సంతకం కావాలి, అది ఈ వారం కాదు. అందుకని ఆయన ఫ్లోరంతా తిరిగి ఒక్కొక్కరి దగ్గరా నిలబడి నేర్పాడు, ఎర్ర పేజీ వస్తే కంగారు పడకండి, అది మనదే, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి అని. అకౌంట్స్‌లో ఒక మేడమ్ ఉండేది, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉంది, చాలా జాగ్రత్త మనిషి, వోచర్ మీద పైసా తేడా వచ్చినా వెనక్కి పంపేది. ఆవిడ ఆయన చెప్పింది చెప్పినట్టు కాయితం ముక్క మీద రాసుకుని మానిటర్ అంచుకి అంటించుకుంది, ఒకటి అడ్వాన్స్‌డ్, రెండు ప్రొసీడ్ అని, ఎర్ర పెన్నుతో, కింద గీత గీసి. సంతకాలయ్యాయి, సర్టిఫికెట్ వచ్చింది, ఎర్ర పేజీ పోయింది. ఆ కాయితం మాత్రం అక్కడే ఉంది, దాన్ని తియ్యమని ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఆవిడకి ఒక మెయిలొచ్చింది, మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, లాగిన్ అయ్యి సరిచేసుకోండి అని. లింక్ నొక్కితే అచ్చం మా లాగిన్ పేజీయే, ముందు ఎర్ర పేజీ వచ్చింది. వేరే ఎవరైనా అయితే ఆగేవాళ్ళేమో. ఆవిడ కాయితం చూసుకుని ఒకటి నొక్కింది, రెండు నొక్కింది, పాస్‌వర్డ్ కొట్టింది. ఆ తర్వాత ఆవిడ మెయిల్ నుంచే మా పార్టీలకి ఉత్తరాలు వెళ్ళాయి, మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఇకనుంచి డబ్బు ఈ నంబర్‌కి వెయ్యండి అని. ఇద్దరు వేసేశారు. ఆ డబ్బు తిరిగి రాలేదు. మీటింగ్ పెట్టి ఆవిణ్ణి అందరి ముందూ నిలబెట్టి అడిగారు, ఎర్రగా కనపడుతుంటే ఎలా నొక్కావమ్మా అని. ఆవిడ అన్నదొకటే మాట, "మీరే కదండీ నొక్కమన్నారు". ఆ పెద్దాయన తల దించుకుని కూర్చున్నాడు. ఆవిడ సీటు దగ్గరికొచ్చి ఆ కాయితం పీకి పర్సులో పెట్టుకుంది, నెల తిరక్కుండానే రాజీనామా ఇచ్చేసింది, ఇంకొన్నాళ్ళాగితే పూర్తి సర్వీసుతో వెళ్ళేది. గట్టిగా ఆవిడ తరఫున మాట్లాడినవాళ్ళు ఒక్కరు లేరు. చెప్పింది చెప్పినట్టు చేసినందుకు ఆవిడకి దక్కిందది.

ఇప్పుడు అర్థమైందా నా భయం. అమ్మమ్మ ఆ టాబ్లెట్‌లో ఫోటోలొక్కటే చూడదు, తాతయ్య ఫ్యామిలీ పెన్షన్ పడిందో లేదో కూడా అందులోనే చూస్తుంది. మన బోర్డుకైనా దొంగ పేజీకైనా వచ్చేది అదే ఎర్ర పేజీ, ఏది ఏదో అమ్మకి తెలీదు, తనకి తెలిసింది నువ్వు నేర్పిందే. నువ్వు నేర్పితే నా మాట కూడా వినదు, మనవరాలు చెప్పిందంటే వేదం. అందుకని ఆదివారం దాకా ఆగొద్దు, ఇవాళే ఫోన్ చేసి చెప్పు, అమ్మమ్మా ఇకమీద ఎర్ర పేజీ ఎప్పుడొచ్చినా ఏమీ నొక్కకుండా టాబ్లెట్ పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్ అని. రెండుసార్లు చెప్పు, మళ్ళీ తనచేత చెప్పించు. నాలుగు రోజులు ఫోటోలు చూడకపోతే ఏం కాదు. కోప్పడుతున్నా అనుకోకు తల్లీ, ఆవిడ నాకు అమ్మ.

సరే, పనిలోకి. రెన్యూ చేసేటప్పుడు ముందు డ్రై రన్, అంటే ఉత్తుత్తి రెన్యూవల్, పెట్టి చూడు, అది టెస్ట్ సర్వర్‌కే వెళ్తుంది. కంగారులో ఫోర్స్ రెన్యూవల్ పదేపదే కొట్టకు, అదే పేరుకి వారంలో 5 సర్టిఫికెట్లే ఇస్తారు, ఆ లెక్క దాటావంటే కూర్చోవాల్సిందే. ఎర్రర్ వస్తే లాగ్ చివర్నుంచి పైకి చదువు, అసలు కారణం అక్కడే రాసుంటుంది. సొంతంగా పదేళ్ళ సర్టిఫికెట్ చేసి పెట్టుకుంటే గొడవ వదులుతుందని ఎవడో ఒకడు చెప్తాడు, వినకు, మళ్ళీ అదే ఎర్ర పేజీ, మళ్ళీ అదే నొక్కుడు. రెన్యూవల్ అవగానే నడిచే డిప్లాయ్ హుక్‌లో ఎన్‌జింక్స్ రీలోడ్ పెట్టు. సర్ట్‌బాట్‌ని రోజూ నడిపే టైమర్ నడుస్తోందో లేదో చూడు.

గుర్తు చేసే మెయిల్ వస్తుందిలే అనుకోకు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు 2025 జూన్ 4తో ఆ మెయిళ్ళు ఆపేశారు. పైగా సర్టిఫికెట్ ఆయుష్షు తగ్గిస్తూ పోతున్నారు, 2029 మార్చి 15 నుంచి ఎవరిచ్చినా 47 రోజులకి మించకూడదని రూలు పెట్టుకున్నారు, చేత్తో చేసే పని కాదిక. అప్‌టైమ్ కూమా అనే కాపలా ప్రోగ్రామ్ వేసుకో, ఎక్స్‌పైరీ దగ్గర పడితే ఫోన్‌కి మెసేజ్ కొడుతుంది, అది నాక్కూడా వచ్చేట్టు పెట్టు. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయ్యి బ్రిటన్‌లో, జపాన్‌లో కోట్ల ఫోన్లకి నెట్‌వర్క్ దెబ్బతింది, అంతటివాళ్ళకే జరిగింది, నీకు జరిగిందని సిగ్గుపడక్కర్లేదు. అంతా సర్దుకున్నాక, రెండు మూడు రెన్యూవల్స్ వాటంతటవే అయ్యాయని చూసుకుని, హెచ్‌ఎస్‌టీఎస్, అంటే సురక్షిత కనెక్షనే వాడమని బ్రౌజర్‌కి చెప్పే సెట్టింగ్, పెట్టు. అప్పుడు ఎప్పుడైనా తేడా వచ్చినా క్రోమ్ ఆ ప్రొసీడ్ అనే దారే చూపించదు, నాకు కావాల్సింది అదే.

ఇంకోటి, ఆ బోర్డు అటక మీద పెట్టావంట. గుంటూరు ఎండకి అటక మీద చెయ్యి పెట్టలేం, పై బోర్డు 80 డిగ్రీలకొస్తే దానంతటదే నెమ్మదిస్తుంది. కిందకి దించి హాల్లో టీవీ పక్కన పెట్టు. దించేటప్పుడు ముందు షట్‌డౌన్ చేసి స్విచ్ ఆపు, ఆ కుర్చీ ఎక్కకు దాని కాలు ఊగుతుంది, పక్కింట్లో నిచ్చెన అడుగు. తాతయ్య ఫోటోల కాపీ ఇంకో డిస్క్‌లో ఉందా? లేకపోతే వేరే ఏదీ ముట్టుకోకముందు అది చెయ్యి.

డొమైన్ రెన్యూవల్ ఎప్పుడో కూడా చూసుకో, అది పోతే సర్టిఫికెట్ ఉండీ లాభం లేదు. ఐదేళ్ళకి ఎంతవుతుందో చెప్పు, నేను కడతా, మీ అమ్మకి చెప్పకు. ఆదివారం పదింటి నుంచి ఫోన్ దగ్గరే ఉంటా, ఆగిపోతే ఎర్రర్ ఫోటో తీసి పంపు.

మీ మావయ్య,
పటమట