పని నేర్చుకునే కుర్రాడికి డబ్బు అడగవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి, పదో తరగతి పాసయ్యాడు. రాయగడలో ఒక మోటారు వైండింగ్ షాపులో ఎనిమిది నెలలుగా పని నేర్చుకుంటున్నాడు. మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు గాని పైసా ఇవ్వడం లేదు. రెండేళ్లు పోయాక చూద్దామని యజమాని అంటున్నారు. పని నేర్పే మనిషిని డబ్బు అడగడం తప్పా? మానిపించి ఐటీఐలో చేర్చమంటారా? (ఒక తండ్రి)

జవాబు: అడగడం తప్పు కాదండీ. మొదటి రెండు మూడు నెలలు నేర్చుకునేవాడి చేతిలో రాగి తీగ పాడవుతుంది, నేర్పేవారి సమయమూ పోతుంది కనుక ఆ కాలానికి యజమాని వెనకాడితే అర్థం చేసుకోవచ్చు. కానీ ఎనిమిది నెలలు పనిచేసిన కుర్రాడు మోటారులో కాలిపోయిన తీగచుట్లు ఊడదీసి, అవి కూర్చునే గాడులు (స్లాట్లు) శుభ్రం చేసి, ఇన్సులేషన్ కాగితం కత్తిరించి పెడుతూ ఉంటాడు. వేసవిలో పంపుసెట్ల మోటార్లు వరస కట్టినప్పుడు రైతు చెల్లించే బిల్లులో ఆ శ్రమ కూడా ఉంటుంది.

1961 నాటి అప్రెంటిస్ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణార్థి మాత్రమే అని చెబుతూనే, అతనికి నెలనెలా స్టైపెండ్ (శిక్షణ భత్యం) ఇచ్చి తీరాలంటుంది. నేర్చుకుంటున్నాడు కనుక ఇవ్వనక్కరలేదన్న వాదనకు అక్కడ చోటు లేదు. 2019లో సవరించిన నియమాల ప్రకారం పదో తరగతి పాసైన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలి. రెండో ఏడాది దానిమీద 10 శాతం పెంచాలి. ఈ రేట్లను 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మే నెలలో సిఫారసు చేసింది కనుక, ఒప్పందం నాటికి ఏ రేటు అమల్లో ఉందో చూసుకోండి.

అయితే 30 మంది, అంతకు పైన పనివారున్న సంస్థలకే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది వరకూ ఉన్నచోట అది యజమాని ఇష్టం. నలుగురి కంటే తక్కువైతే అప్రెంటిస్‌గా నమోదు చేయడానికే వీలుండదు. కాబట్టి ముందుగా ఆ షాపులో ఎందరు పనిచేస్తున్నారో తెలుసుకోండి. నలుగురుంటే యజమానికి మర్యాదగా ఒక మాట చెప్పండి: జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో నమోదైతే స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల పరిమితితో, కేంద్రమే నేరుగా కుర్రాడి ఖాతాలో వేస్తుంది. చాలామంది చిన్న యజమానులకు ఈ సంగతి తెలియకపోవచ్చు. నమోదైతే పనిలో ప్రమాదం జరిగినప్పుడు పరిహారం ఇవ్వవలసిన బాధ్యత కూడా యజమానిపై ఉంటుంది. కరెంటుతో పని కనుక ఇది డబ్బు కంటే ముందు ఆలోచించవలసిన విషయం.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. రెండేళ్లు ఊరికే పనిచేయించుకునే పద్ధతిలో, కొడుకును ఇంటి ఖర్చుతో అన్నాళ్లు నిలబెట్టగల కుటుంబాల పిల్లలే పని పూర్తిగా నేర్చుకోగలుగుతారు. తక్కినవారు చురుకైనవారైనా మధ్యలోనే మానేసి కేరళకో తమిళనాడుకో కూలికి వెళ్లిపోతున్నారు.

ఇక ఐటీఐ విషయం. ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. ఆ కాలంలో రాబడి ఉండదు. కానీ సర్టిఫికెట్ చేతికొచ్చాక సునాబెడలోని విమాన ఇంజన్ల సంస్థ హెచ్ఏఎల్, దామన్‌జొడిలోని అల్యూమినియం సంస్థ నాల్కో వంటి చోట్ల అప్రెంటిస్‌షిప్‌కు పోటీ పడవచ్చు. అక్కడ 2019 రేటు ప్రకారమే కనీసం 7,000 రూపాయలు వస్తుంది. మీ ఇల్లు ఆ రెండేళ్లు నెట్టుకురాగలిగితే నా ఓటు ఐటీఐకే. ప్రవేశాలు మొదలయ్యేదాకా మాత్రం షాపు మానిపించవద్దు.

ఇల్లు గడవడం కష్టమైతే షాపులోనే కొనసాగించండి. చుట్లు లెక్కపెట్టడం, కనెక్షన్ ఇవ్వడం, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ సరిగా ఉందో లేదో కొలిచే పరికరంతో) పరీక్షించడం యజమాని దగ్గరుండి నేర్పుతుంటే, చట్టం చెప్పిన దానికంటే కొంత తక్కువకు ఒప్పుకున్నా నష్టం లేదు. ఊడ్పించి, మోటార్లు మోయించడంతో సరిపెడుతుంటే ఎంత ఇచ్చినా అక్కడ ఉంచవద్దు. మొత్తం ఎంత, ఏ తేదీన, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద రాయించుకోండి. అది ఒడియాలో ఉండి మీకు చదవడం రాకపోతే, సంతకానికి ముందు అబ్బాయి చేత పైకి చదివించుకుని వినండి.